పోలీసులు డీఎన్ఏ నమూనా అడిగితే ఇవ్వాలా? ఇస్తే మన గురించి వాళ్లకు ఏమేం తెలుస్తుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒక కేసులో మీ మీద అనుమానం లేదంటూనే, "మిమ్మల్ని లెక్కలోంచి తీసేయడానికే" అని బుగ్గ లోపల స్వాబ్ (దూది చుట్టిన పుల్ల) తిప్పి నమూనా ఇమ్మన్నారు. "దీన్నుంచి నలభై అంకెలు తప్ప ఇంకేమీ రావు" అన్నారు. ఆ మాట నమ్మొచ్చా, కాదంటే ఏమవుతుంది, ఇచ్చాక తీసేయించుకోవచ్చా?

అంకెల మాట చాలావరకు నిజమే. కాకపోతే మీరు వాళ్ల చేతిలో పెట్టేది పుల్ల. అంకెలు ఆ పుల్లలోంచి ల్యాబ్ తర్వాత తీసుకునేవి. పుల్ల మీద మీ జన్యుసమాచారం మొత్తం ఉంటుంది. కాబట్టి సరే అనేముందు మూడు విషయాలు తేల్చుకోండి: పుల్లను ఎప్పుడు నాశనం చేస్తారు, అంకెలు ఏ డేటాబేస్‌లోకి వెళ్తాయి, ఈ ఒక్క కేసుతో పోల్చి ఊరుకుంటారా లేక తేలని కేసులన్నిటితో పోలుస్తారా. మూడింటికీ కాగితం మీద జవాబు దొరికితే ఇవ్వడంలో పెద్ద ప్రమాదం లేదని నా అభిప్రాయం. నోటిమాటే తప్ప కాగితం లేదంటే, లాయరుతో మాట్లాడి చెప్తానని ఆగండి. చట్టం బలవంతంగా తీసుకోనిచ్చే సందర్భం అయితే దారి వేరు, దాని గురించి కింద రాశాను.

పుల్ల నుంచి అంకెల దాకా ఏం జరుగుతుంది

ఒక్కో కణంలో ఉండే డీఎన్ఏ బరువు దాదాపు 6.6 పికోగ్రాములు. మామూలు పోలీసు పరీక్షకు ఒక నానోగ్రాము (వెయ్యి పికోగ్రాములు) సరిపోతుంది, అంటే 150 కణాల సరుకు. బుగ్గ లోపల అర నిమిషం రుద్దిన స్వాబ్ నుంచి సాధారణంగా వందల నానోగ్రాములు వస్తుంది. పరీక్షకు వాడింది చిటికెడు, మిగిలింది గంపెడు. ఆ మిగిలింది ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టినా, ఫ్రీజర్లో పెట్టినా ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. మీ ప్రశ్నకు అసలు కీలకం ఈ మిగులే.

ఇక అంకెలు. మన డీఎన్ఏలో కొన్నిచోట్ల నాలుగక్షరాల చిన్న ముక్క ఒకటి పక్కపక్కనే మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషి మనిషికీ మారుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కాబట్టి ఒక్కో చోటికి రెండు అంకెలు, ఉదాహరణకు 13, 14. ల్యాబ్ ఈ చోట్లను మాత్రమే పీసీఆర్ అనే నకళ్లు తీసే పద్ధతితో కోట్ల రెట్లు పెంచి, పొడవు కొలిచి, అంకెలు రాసుకుంటుంది. అమెరికా వాళ్ల కోడిస్ అనే డీఎన్ఏ డేటాబేస్ వ్యవస్థ మొదట 13 చోట్లు చూసేది, 2017 జనవరి 1 నుంచి 20 చూస్తోంది. బ్రిటన్ 1995లో 6 చోట్లతో మొదలుపెట్టి, 1999లో 10కి, 2014లో 16కి వచ్చింది. వీటికి తోడు ఆడా మగా అని చెప్పే గుర్తు ఒకటి. మీకు చెప్పిన "నలభై అంకెలు" ఈ ఇరవై చోట్ల జతలే.

ఈ చోట్లను ఎంచుకున్నప్పుడే జబ్బుల గురించి, రూపం గురించి ఏమీ చెప్పనివి చూసి ఎంచుకున్నారు. ఆ మాటలో మోసం లేదు. అయినా అంకెలు పూర్తిగా మూగవి కావు. 21వ క్రోమోజోమ్ మీద ఉండే డి21ఎస్11 అనే చోట యంత్రం గీసిన గ్రాఫులో రెండుకు బదులు మూడు శిఖరాలు (ఒక్కో అంకెకు ఒకటి) కనిపిస్తే డౌన్ సిండ్రోమ్ కావచ్చని చూసేవాడికి అర్థమవుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అంకెలు బంధుత్వం చెప్తాయి. తండ్రీబిడ్డల మధ్య ప్రతిచోటా కనీసం ఒక అంకె కలవాలి (అరుదుగా వచ్చే మార్పులు మినహా). రెండు మూడు చోట్ల కలవలేదంటే, ఆ ఇంట్లో ఎవరికీ తెలియని విషయం ల్యాబ్ టెక్నీషియన్‌కు తెలిసిపోయినట్టే. ఒకే కుటుంబంలో నలుగురి దగ్గర నమూనాలు తీసుకునే కేసుల్లో దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. మీ ఇంట్లో ఇంకెవరినైనా అడిగారేమో కనుక్కోండి.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ అంకెలకూ, వంశావళి కంపెనీలు (డీఎన్ఏ చూసి బంధువులను, పూర్వీకులను వెతికిపెట్టేవి) చదివే లక్షల అక్షరాల రికార్డుకూ ఉమ్మడి చోటు ఒక్కటి లేకపోయినా, రెండూ ఒకే మనిషివని గణాంకాలతో చాలాసార్లు జత కలపవచ్చని 2017లో పరిశోధకులు చూపించారు. రోజువారీ పోలీసు పనిలో వాడేది కాదిది. అయినా "ఉత్త అంకెలే కదా" అనే ధీమాకు కొంత గండి.

ఒక నమూనా, ఐదు రూపాలు

ల్యాబ్‌లో మీ నమూనా ఒకటిగా ఉండదు. వాడగా మిగిలిన పుల్ల (తరచూ రెండు తీస్తారు, ఒకటి అదనం), దాన్నుంచి ద్రవంలోకి తీసిన డీఎన్ఏ ఉన్న చిన్న ట్యూబు, పీసీఆర్‌లో పెంచిన సరుకు, యంత్రం రాసిన ముడి డేటా ఫైలు, చివరగా డేటాబేస్‌లోకి వెళ్లే అంకెలు. పుల్ల, ట్యూబు, ఈ రెండింటిలోనూ మీ జన్యువులన్నీ ఉంటాయి. పెంచిన సరుకులో ఆ ఇరవై చోట్లే అధికం, దానితో ఇంకో పరీక్ష చేయలేరు. ఫైలు, అంకెలు కంప్యూటర్ సమాచారం.

"మీ రికార్డు తీసేశాం" అన్నప్పుడు సాధారణంగా పోయేది ఐదోది. మిగతా నాలుగు ఎక్కడున్నాయో అడిగితే తప్ప చెప్పరు. దాచిపెట్టాలని కాదు, చాలా ల్యాబుల్లో డేటాబేస్ చూసే విభాగం వేరు, ఫ్రీజర్ చూసే విభాగం వేరు. ఒకరి ఉత్తర్వు ఇంకొకరికి చేరడానికే నెలలు పడుతుంది.

పుల్లకు ఎందుకింత ప్రాధాన్యమంటే, నేడు పోలీసులు చేయగలిగే పెద్ద పరీక్షలకు అంకెలు పనికిరావు, పుల్లే కావాలి. కాలిఫోర్నియాలో డెబ్బైలు, ఎనభైల నాటి వరుస హత్యలు, అత్యాచారాల నిందితుణ్ని 2018 ఏప్రిల్‌లో పట్టుకున్నది నేరస్థలం నమూనాను లక్షల అక్షరాల స్థాయిలో చదివి, వంశావళి వెబ్‌సైట్‌లో దూరపు బంధువులను వెతికి. అతను ఏ సైట్‌లోనూ ఖాతా తెరవలేదు. బంధువులు తెరిచారు, అంతే. తర్వాత అతని కారు తలుపు హ్యాండిల్ మీదినుంచి, చెత్తలో పడేసిన టిష్యూ నుంచి నమూనా తీసి నిర్ధారించుకున్నారు. అదే ఏడాది సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, దాదాపు 13 లక్షల మంది ఉన్న ఒక డేటాబేస్‌తోనే యూరప్ మూలాలున్న అమెరికన్లలో సుమారు 60 శాతం మందికి ముత్తాత తల్లిదండ్రుల దగ్గర కలిసే దూరపు బంధువో (థర్డ్ కజిన్) అంతకన్నా దగ్గరివారో దొరుకుతారు.

అక్కడ వాడింది నేరస్థలం నమూనా, మీలాంటి వారి పుల్ల కాదు. ఆ తేడా గుర్తుంచుకోవాలి. కానీ పుల్ల ఫ్రీజర్లో ఉన్నంతకాలం ఆ తేడాను కాపాడేది సంస్థ నియమం మాత్రమే. నియమాలు మారతాయి.

కేసు కోసం ఇచ్చింది కేసుకే ఆగుతుందా

అసలు గోప్యత సమస్య ఇదేనని నా ఉద్దేశం. సేకరించేటప్పుడు చెప్పిన పని ఒకటి, తర్వాత జరిగేది ఇంకొకటి.

2022 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయటపడిన ఉదంతం చూడండి. అత్యాచార బాధితురాలు తన కేసు దర్యాప్తు కోసం ఇచ్చిన డీఎన్ఏను పోలీసు ల్యాబ్ ఉంచుకుని, కొన్నేళ్ల తర్వాత ఒక ఆస్తి నేరంలో ఆమెనే నిందితురాలిగా పట్టుకోవడానికి వాడింది. గగ్గోలు పుట్టి ఆ అభియోగం ఎత్తేశారు, కాలిఫోర్నియా అదే ఏడాది దీన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. న్యూజెర్సీలో అయితే పుట్టిన పిల్లల మడమ నుంచి జబ్బుల పరీక్షకు తీసిన రక్తపు చుక్కల కార్డులను 23 ఏళ్లు ఉంచేవారు. వాటిలో ఒకదాన్ని పోలీసులు తెప్పించుకుని, ఆ బిడ్డ తండ్రిని పాత కేసులో అనుమానితుడిగా గుర్తించారని 2022లో దావా పడింది.

బాధితుల నమూనాలు, ఇంట్లోవాళ్ల నమూనాలు, నేరస్థలానికి వెళ్లిన పోలీసుల నమూనాలు "ఎలిమినేషన్" (లెక్కలోంచి తీసేయడం) కింద వస్తాయి. ఇవి ఆ కేసు ఫైలులోనే ఉండి, పోలిక అయ్యాక పోవాలి. చాలాచోట్ల ల్యాబ్‌లో కాలుష్యం కనిపెట్టడానికి సొంత సిబ్బంది ప్రొఫైళ్లతో (ఒక్కొక్కరి అంకెల వరుసతో) ఒక జాబితా ఉంటుంది. మీలాంటి వారి ప్రొఫైలు ఆ జాబితాలోనో, ఊరికో నగరానికో ఉన్న స్థానిక డేటాబేస్‌లోనో ఉండిపోవడం తెలిసిన జబ్బే. న్యూయార్క్‌లో రాష్ట్ర డేటాబేస్‌కు చట్టపరమైన హద్దులు ఉన్నా, నగర ల్యాబ్ వేరుగా అనుమానితుల జాబితా నడిపింది. స్టేషన్‌లో ఇచ్చిన నీళ్ల గ్లాసు, సిగరెట్ పీకల నుంచి తీసిన ప్రొఫైళ్లు కూడా అందులోకి చేరాయి. కాబట్టి "జాతీయ డేటాబేస్‌లో పెట్టం" అన్న హామీ సగం హామీయే. "ఏ డేటాబేస్‌లోనూ పెట్టం" అని రాయించుకోవాలి.

గ్లాసు సంగతి వచ్చింది కాబట్టి: అమెరికా కోర్టులు పారేసిన వస్తువు మీద గోప్యత హక్కు లేదనే దారిలో ఎక్కువగా వెళ్లాయి. బ్రిటన్‌లో ఇంకొకరి డీఎన్ఏను అనుమతి లేకుండా పరీక్షించడం 2004 హ్యూమన్ టిష్యూ చట్టం ప్రకారం నేరమే, కానీ నేర దర్యాప్తుకు మినహాయింపు ఉంది. మీరు ఇవ్వనన్నంత మాత్రాన మీ డీఎన్ఏ వాళ్లకు దొరకదని అనుకోకండి.

మీ సమ్మతితో మీ ఇంటివాళ్లూ వస్తారు

డేటాబేస్‌లో పూర్తి పోలిక దొరకనప్పుడు, "దగ్గరగా ఉన్నవాళ్లు ఎవరు" అని వెతకడాన్ని కుటుంబ శోధన అంటారు. 2010లో లాస్ ఏంజిలిస్‌లో ఒక వరుస హంతకుణ్ని పట్టుకున్నది ఇలాగే, వేరే కేసులో నమూనా ఇచ్చిన అతని కొడుకు ప్రొఫైలు ద్వారా. మేరీల్యాండ్ రాష్ట్రం ఇలా వెతకడాన్ని నిషేధించింది. మిగతాచోట్ల కొన్ని అనుమతిస్తాయి, కొన్ని ఏమీ చెప్పవు. ఏమీ చెప్పకపోవడమే ఎక్కువ ప్రమాదం.

మగవాళ్ల నమూనాలో వై క్రోమోజోమ్ పరీక్ష చేస్తే ఇంకా వెడల్పు. అది తండ్రి నుంచి కొడుకుకు దాదాపు మార్పు లేకుండా వస్తుంది. మీరు, మీ అన్నదమ్ములు, నాన్న, బాబాయిలు, వాళ్ల కొడుకులు, అందరిదీ ఒకే ఫలితం. ఒక ప్రాంతంలోని మగవాళ్లందరినీ జల్లెడ పట్టేటప్పుడు ఈ పరీక్షనే ఇష్టపడతారు. ఫారంలో "వై" అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే మీరు సంతకం చేస్తున్నది వంశం మొత్తం తరఫున.

"తప్పు చేయనివాడికి భయమెందుకు?"

మీ ప్రశ్న కింద ఒకరు ఇలా అన్నారు. దీనికి సిద్ధాంతంతో కన్నా జరిగిన వాటితో జవాబు చెప్పడం తేలిక.

1999లో బ్రిటన్‌లో పార్కిన్సన్స్ వ్యాధి బాగా ముదిరిన ఒక వ్యక్తిని, 200 మైళ్ల దూరంలో జరిగిన దొంగతనానికి అరెస్టు చేశారు. అంతకుముందు ఇంటి గొడవలో తీసిన అతని నమూనా డేటాబేస్‌లో ఉంది. ఆరు చోట్లా కలిసింది. యాదృచ్ఛికంగా కలిసే అవకాశం 3.7 కోట్లలో ఒకటి అన్నారు. పది చోట్ల మళ్లీ చూస్తే కలవలేదు. ఇందులో ల్యాబ్ తప్పు లేదు, లెక్కే అంత. లక్షల మంది ఉన్న జాబితాలో వేల నేరస్థలాల అంకెలు వెతికితే పోలికల సంఖ్య కోట్లు దాటుతుంది, "కోట్లలో ఒకటి" ఎక్కడో ఒకచోట పడుతుంది. ఇప్పుడు 16, 20 చోట్లు చూస్తున్నారు కాబట్టి పూర్తి ప్రొఫైళ్ల విషయంలో ఈ భయం దాదాపు లేదు. నేరస్థలం నుంచి సగమే దొరికిన ప్రొఫైళ్లు, ముగ్గురు నలుగురివి కలిసిపోయిన మిశ్రమాలు, వీటి దగ్గర భయం ఇంకా ఉంది.

2011లో అదే దేశంలో ఇంకొకరు తను అడుగుపెట్టని నగరంలో అత్యాచారం చేశాడని నెలల తరబడి జైల్లో ఉన్నాడు. ఒక్కసారి వాడి పారేయాల్సిన ప్లాస్టిక్ ట్రేను ల్యాబ్‌లో మళ్లీ వాడారు. దానికి ముందు అదే ట్రేలో అతని లాలాజలం పరీక్షకు వచ్చింది, వేరే చిల్లర కేసులో. 2012లో కాలిఫోర్నియాలో హత్యకు గురైన వ్యక్తి గోళ్ల కింద ఒకరి డీఎన్ఏ దొరికింది. ఆ సమయంలో అతను తాగి స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉన్నాడు. అతన్ని మోసుకెళ్లిన అంబులెన్స్ సిబ్బందే కొన్ని గంటల తర్వాత హత్యాస్థలానికీ వెళ్లారు. అతను బయటికి రావడానికి ఐదు నెలలు పట్టింది, అదీ ఆస్పత్రి రికార్డు ఉండబట్టి.

జర్మనీలో ఏళ్ల తరబడి దాదాపు 40 నేరస్థలాల్లో ఒకే స్త్రీ డీఎన్ఏ దొరుకుతుంటే, మహా నేరగత్తె ఎవరో ఉందనుకున్నారు. 2009లో తేలిందేమిటంటే అది స్వాబ్‌లు తయారుచేసే చోట పనిచేసే ఆమెది. క్రిములు లేకుండా శుద్ధి చేశారు కానీ, శుద్ధి చేసినా డీఎన్ఏ మిగులుతుంది. ఆ తర్వాతే "మానవ డీఎన్ఏ లేని" సామగ్రికి ఐఎస్ఓ 18385 అనే ప్రమాణం 2016లో వచ్చింది.

ఈ పొరపాట్లలో ఇరుక్కునేది ఎవరి అంకెలు జాబితాలో ఉన్నాయో వాళ్లే. నిర్దోషి డేటాబేస్‌లో ఉండటానికి చెల్లించే వెల అది. చిన్నదే, కానీ సున్నా కాదు.

రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. లెస్టర్‌షైర్‌లో 1986-87లో డీఎన్ఏను నేర దర్యాప్తులో మొదటిసారి వాడినప్పుడు, దానివల్ల ముందు జరిగింది నేరం ఒప్పుకున్న ఒక పదిహేడేళ్ల కుర్రాడు నిర్దోషి అని తేలడం. తర్వాత దాదాపు 5,000 మంది మగవాళ్ల నమూనాలు తీశారు. ఒక్కటీ కలవలేదు, ఎందుకంటే అసలువాడు తన బదులు తోటి ఉద్యోగి చేత ఇప్పించాడు. ఆ ఉద్యోగి నలుగురిలో నోరు జారితే దొరికాడు. నమూనా ఇచ్చేచోట ఫోటోతో గుర్తింపు పత్రం అడిగేది ఇందుకే, దానికి చిరాకు పడకండి.

ఇవ్వనంటే?

ముందు తేల్చుకోవాల్సింది మీ హోదా: సాక్షి, స్వచ్ఛందంగా వచ్చిన వ్యక్తి, అరెస్టయిన వ్యక్తి, శిక్ష పడిన వ్యక్తి. ఒక్కో హోదాకు నియమం వేరు, దేశాన్ని బట్టి కూడా వేరు.

బ్రిటన్‌లో రికార్డు చేయదగ్గ నేరానికి అరెస్టయితే నోటి స్వాబ్‌ను సమ్మతి లేకుండానే తీయొచ్చు. అమెరికాలో 2013 నాటి మేరీల్యాండ్ కేసులో సుప్రీంకోర్టు 5-4 తేడాతో, తీవ్ర నేరానికి అరెస్టయిన వారి నుంచి స్వాబ్ తీయడం వేలిముద్రల్లాంటిదే అంది. భారత్‌లో 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ (ఐడెంటిఫికేషన్) చట్టం "కొలతలు" అనే మాటలో జీవ నమూనాలను కూడా చేర్చింది. అరెస్టయినవారు జీవ నమూనా ఇవ్వనని చెప్పొచ్చు, కానీ మహిళల మీద, పిల్లల మీద నేరాలకూ, ఏడేళ్లు అంతకుమించి శిక్ష పడే నేరాలకూ ఆ వెసులుబాటు లేదు. దర్యాప్తుకు అవసరమని మేజిస్ట్రేట్ ఆదేశిస్తే ఎవరైనా ఇవ్వాల్సిందే. అడ్డుకుంటే అదే వేరే నేరమవుతుంది. డీఎన్ఏ డేటాబ్యాంకుల కోసం ప్రత్యేకంగా తెచ్చిన 2019 బిల్లును మాత్రం 2023లో వెనక్కి తీసుకున్నారు.

మీరు రాసిన దాన్నిబట్టి మీది స్వచ్ఛంద వర్గం. కాదనే హక్కు సాధారణంగా ఉంటుంది. అయితే కాదన్నందుకే అనుమానం పెరగొచ్చు, ఇది కాగితం మీద ఉండదు. అమెరికాలోని బేటన్ రూజ్‌లో 2002-03లో వెయ్యిమందికి పైగా మగవాళ్ల నుంచి స్వాబ్‌లు తీసినప్పుడు, ఇవ్వనన్న ఒకతని మీద వారెంటు తెచ్చి తీశారు, అతని పేరు పత్రికలకెక్కింది. ఆ వారెంటుకు తగిన ఆధారం లేదని 2006లో అప్పీలు కోర్టు తేల్చింది. హంతకుడు ఆ జల్లెడలో పడనే లేదు.

ఒకటి గట్టిగా చెప్తాను. తీసుకుంటామని పట్టుబడితే పెనుగులాడొద్దు. "నాకు సమ్మతి లేదు, చట్టప్రకారం తప్పనిసరి అంటున్నారు కాబట్టి అడ్డుకోవడం లేదు" అని నోటితో చెప్పి, ఫారం మీద అదే మాట రాసి సంతకం పెట్టండి. సెక్షన్ నంబరు, ఉత్తర్వు తేదీ రాయించండి. తర్వాత కోర్టులో పనికొచ్చేది ఆ వాక్యమే. సమ్మతి గడిలో సంతకం పెట్టేసి, తర్వాత బలవంతం చేశారంటే వినేవాళ్లు తక్కువ.

ఇవ్వాలని నిర్ణయించుకుంటే

అచ్చు ఫారంలో "దర్యాప్తు అవసరాలకు" అని వదులుగా ఉంటే దాన్ని కొట్టేసి, ఇలాంటి మాటలు మీ చేత్తో రాయండి:

"ఈ నమూనాను ఫలానా నంబరు కేసులో పోలిక కోసం మాత్రమే ఇస్తున్నాను. ఏ డేటాబేస్‌లోనూ చేర్చడానికి, ఇతర కేసులతో పోల్చడానికి, కుటుంబ శోధనకు, వంశావళి పరీక్షకు, రూపురేఖలు అంచనా వేసే పరీక్షకు నా సమ్మతి లేదు. పోలిక ముగిశాక మిగిలిన స్వాబ్‌లు, తీసిన డీఎన్ఏ నాశనం చేసి నాకు రాతపూర్వకంగా తెలపాలి."

దర్యాప్తు అధికారి దీన్ని ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఒప్పుకోకపోతే "మీ నమూనా ఒక్క కేసుకే" అన్న నోటిమాట విలువ ఎంతో మీకు అక్కడే తెలిసిపోతుంది. సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చో లేదో కూడా అడగండి. బ్రిటన్‌లో 2001 తర్వాత కొన్నేళ్లు, స్వచ్ఛందంగా ఇచ్చినవారు డేటాబేస్‌లో ఉంచడానికి రాసిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలే ఉండేది కాదు.

తీసేటప్పుడు చూసుకోవాల్సినవి: అరగంట ముందు నుంచి తినడం, తాగడం, పొగ తాగడం మానండి. స్వాబ్ ప్యాకెట్ మీ ఎదుటే చించాలి. చేతి తొడుగులు మీకోసం కొత్తవి వేసుకోవాలి, మీ ముందు మనిషికి వాడినవి కాదు. మాస్కు ఉండాలి, పుల్లల మీద మాట్లాడుతూ తుంపర పడకూడదు. ఒక్కో బుగ్గకు ఒకటి చొప్పున రెండు తీస్తే రెండింటి నంబర్లూ రాసుకోండి. తడి పుల్లను ప్లాస్టిక్ కవర్లో వేస్తే బూజు పట్టి డీఎన్ఏ చెడుతుంది, మళ్లీ పిలుస్తారు. ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలి. సీలు మీద అటూ ఇటూ పడేట్టు సంతకం, తేదీ, సమయం. ఫారం నకలు తీసుకోకుండా కుర్చీలోంచి లేవకండి. నకలు ఇవ్వడం కుదరదంటే ఫోటో అయినా తీసుకోనివ్వమనండి.

పక్క టేబుల్ మీద నేరస్థలం నుంచి తెచ్చిన వస్తువులు ఉంటే అక్కడ ఇవ్వొద్దు, వేరే గదిలో తీయమనండి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు, మంచి ల్యాబులన్నీ పాటించే నియమమే. సాక్ష్యం, పోలిక నమూనా రెండూ ఒకే గదిలో ఉండకూడదు.

తర్వాత తీసేయించుకోవడం

యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2008 డిసెంబర్ 4న, శిక్ష పడనివారి డీఎన్ఏను శాశ్వతంగా ఉంచుకోవడం గోప్యత హక్కుకు విరుద్ధమని బ్రిటన్ మీద తీర్పు ఇచ్చింది. అక్కడ 2012లో వచ్చిన చట్టంతో, ప్రొఫైలు తీశాక స్వాబ్‌ను ఆరు నెలల లోపే నాశనం చేయాలి, శిక్ష పడనివారి ప్రొఫైళ్లు చాలావరకు పోవాలి. పది లక్షలకు పైగా ప్రొఫైళ్లు తుడిచేశారు. అయినా దేశం కుప్పకూలలేదు, డేటాబేస్ పనిచేస్తూనే ఉంది. అంకెలు ఉంచుకుని పుల్లను పారేయడం సాధ్యమేనని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. 2020లో అదే కోర్టు, చిన్న నేరానికి శిక్ష పడినవారివి కూడా గడువు, సమీక్ష లేకుండా ఉంచడం తప్పంది. ఆ 2012 చట్టంలో ఒక మెలిక మాత్రం ఉంది. కోర్టులో సాక్ష్యంగా అవసరమయ్యే నమూనాను ఆరు నెలలు దాటినా ఉంచుకోవచ్చు.

భారత చట్టంలో రికార్డులను 75 ఏళ్లు ఉంచుతారు. అంతకుముందు శిక్ష పడనివారు, విచారణ లేకుండా విడుదలైనా, న్యాయమార్గాలన్నీ ముగిశాక నిర్దోషిగా తేలినా, కోర్టు కారణాలు రాసి వేరేగా ఆదేశిస్తే తప్ప నాశనం చేయాలి. "న్యాయమార్గాలన్నీ ముగిశాక" అన్న మాట దగ్గర ఏళ్లు గడిచిపోతాయి. దానంతటదే జరుగుతుందని కూర్చోకుండా రాతపూర్వకంగా అడగాలి.

ఎక్కడైనా సరే, దరఖాస్తులో "నా డీఎన్ఏ తొలగించండి" అని ఒక్క ముక్క రాస్తే ఐదో రూపం పోయి ఉత్తరం వస్తుంది. విడివిడిగా అడగండి: స్వాబ్‌లు (వాటి నంబర్లతో), తీసిన డీఎన్ఏ ట్యూబు, ముడి ఫైలు, జాతీయ, రాష్ట్ర, స్థానిక డేటాబేస్‌లలో అంకెలు, ప్రైవేటు ల్యాబ్‌కు పంపి ఉంటే అక్కడి మిగులు. ఒక్కోదానికి నాశనం చేసిన తేదీ కావాలని రాయండి. కేసు ఫైలులో ఉన్న పరీక్ష నివేదిక మాత్రం పోదు, దానిలో మీ అంకెలు ఉంటే ఉండిపోతాయి. అది కోర్టు కాగితం, దాని గురించి పోరాడి లాభం లేదు. పోలిక నివేదిక వచ్చిన వారంలోనే ఈ దరఖాస్తు పెట్టండి. ఆలస్యమైతే నమూనా పాత గోదాముకు చేరుతుంది, అప్పుడు నంబరు ఉన్నా వెతికి తీసేవారు ఉండరు.